కారులో ఏమీ లేదని సంతకం

మా నాన్నకి అబద్ధం చెప్పడం రాదు. ఇది పొగడ్తగా చెప్పడం లేదు, ఫిర్యాదుగా చెబుతున్నాను. ఎవరైనా ఫోన్ చేస్తే "నాన్న ఇంట్లో లేరు" అని మా చేత చెప్పించాల్సి వచ్చినప్పుడు, చెప్పులేసుకుని గుమ్మం అవతలికి వెళ్లి నిలబడి, "ఇప్పుడు చెప్పు, లేనుగా" అనే రకం. అలాంటి మనిషి ఒక అచ్చు కాగితం మీద పచ్చి అబద్ధానికి సంతకం పెట్టారు. ఆ అబద్ధం బరువెంతో తర్వాత నేనే స్వయంగా మోసి చూశాను. అందులో ఒక్క రుబ్బురోలు పొత్రమే ఆరేడు కిలోలుంటుంది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. వారానికి రెండు బందులు, మధ్యలో రాస్తారోకోలు. మేము కొత్తపేటలో పండ్ల మార్కెట్ వెనక సందులో అద్దెకుండేవాళ్లం. నాన్నది కృష్ణా జిల్లా. పెళ్లయిన కొత్తలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగమొచ్చి ఇక్కడికి వచ్చారు. నేను పుట్టింది, పెరిగింది, మామిడిపళ్ల సీజన్‌లో ఈగలు తోలుకుంటూ చదువుకుంది అంతా కొత్తపేటలోనే. ఇంట్లో వేసుకునే చెప్పులు వేరు, బయటికి వేసుకునేవి వేరు అన్నట్టు నాకు రెండు యాసలుండేవి. గేటు లోపల "ఎక్కడికండీ", గేటు దాటితే "ఏడికే". ఏ రోజూ అవి తారుమారు కాలేదు.

ఆ ఏడు నాన్నకి నాగపూర్ బదిలీ అయింది. నాకు ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది. అమ్మా నాన్నా నాగపూర్‌కి, నేను హాస్టల్‌కి అని తేలింది. కానీ సీటు రావాలంటే ముందు సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో నేను లోకల్ అని తేలాలి. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఏడేళ్లకీ ఏడు స్టడీ సర్టిఫికెట్లు, అన్నీ అసలువి, బల్ల మీద పెడితే లోకల్. లేకపోతే నాన్‌లోకల్. నాకొచ్చిన ర్యాంకుకి నాన్‌లోకల్‌లో సీటు కాదు కదా, కూర్చోడానికి స్టూలు కూడా ఇవ్వరు. పుట్టిన ఊళ్లో ఉండాలో, తట్టాబుట్టా సర్దుకుని నాగపూర్ పోవాలో ఆ ఏడు కాగితాలే చెప్పాలి.

ఇంటి సామానంతా ఒక లారీలో వెళుతుంది. మా చిన్న ఎర్ర కారుని మాత్రం కార్లు మోసే పెద్ద ట్రక్కులో పంపాలని నిర్ణయం జరిగింది. ఆ ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఇచ్చిన కాగితంలో ఒక నిబంధన ఉంది: కారులో సొంత వస్తువులేవీ పెట్టకూడదు. నాన్న దాన్ని హాల్లో నిలబడి మాకు రెండుసార్లు చదివి వినిపించారు. "విన్నారుగా? అగ్గిపుల్ల కూడా ఉండకూడదు."

"అలాగేనండీ," అంది అమ్మ. కాసేపాగి మళ్లీ "అలాగేలెండి" అంది. మా అమ్మ ఒకే మాటకి రెండుసార్లు ఒప్పుకుందంటే లోపల వేరే తీర్మానం పాసయినట్టే లెక్క.

ఆవిడ బాధ నాకర్థమైంది. పక్కింటి వాళ్లు కూర పంపిన గిన్నె తిరిగిచ్చేటప్పుడు, కడిగి, అందులో ఇంత పంచదారైనా పోసి ఇచ్చే ఇల్లు మాది. ఖాళీ గిన్నె ఇవ్వడం అమ్మ దృష్టిలో తిట్టడంతో సమానం. "గ్లాసుడు గిన్నే ఖాళీగా ఇవ్వమే, అంత కారుని డిక్కీతో సహా ఖాళీగా ఎలా పంపుతామే? చూసినవాళ్లు ఏమనుకుంటారు?" అని నా దగ్గర వాపోయింది. ఎవరు చూస్తారని నేను అడగలేదు, ఎందుకంటే అప్పటికే నేనూ దొంగనే. పాతపేపర్లవాడికి వేసెయ్యమని అమ్మ ఆర్డరేసిన నా వారపత్రికలు, నవలలు రెండు కట్టలు కట్టి ముందు సీట్ల కిందికి తోసేసి ఉన్నాను.

నాన్న సంగతి వేరు. ఆయన ఏదీ రవాణా చేయాలనుకోలేదు. గోద్రెజ్ బీరువా తలుపులు ఊడదీసి గోనెపట్టా చుట్టేశాక, ఇంట్లో తాళం పడే వస్తువంటూ ఏదీ మిగల్లేదు. అట్టపెట్టెల గందరగోళంలో నా సర్టిఫికెట్ల ఫైలు ఎక్కడ కలిసిపోతుందోనని ఆయనకి నిద్రపట్టలేదు. అప్పుడు గుమ్మం ముందు నాలుగు తలుపులతో, నాలుగు తాళాలతో కారు కనిపించింది. ఇంకా రెండు రోజులు ఇక్కడే ఉంటుందిగా, వెళ్లేముందు తీసేద్దామని ఫైలు అందులో దాచారు. ఈ సంగతి నాకు గానీ అమ్మకి గానీ తెలీదు. మా సంగతులు ఆయనకి తెలీవు. ఒకే ఇంట్లో ముగ్గురం, ఒకే తాళంచెవి వంతులవారీగా వాడుకున్నాం.

రెండు రోజులు కాస్తా కొన్ని గంటలైపోయాయి. మర్నాడు బంద్ అని కబురు తెలిసి, ట్రాన్స్‌పోర్టు మనిషి ఆ మధ్యాహ్నమే వచ్చేశాడు. "రేపు బండ్లు తిరగవు సార్. ఇయ్యాల్నే తీస్కపోతా." నాన్న అప్పుడే భోజనానికి కూర్చున్నారు, చేతికి పప్పు. ఆ మనిషి కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక బంపర్ని మోకాలితో నొక్కి చూశాడు.

"లోపల ఏం సామాన్లు లేవు గద సార్?"

"ఏమీ లేవు," అన్నారు నాన్న, అడిగినందుకే కాస్త నొచ్చుకుని. ఆ హడావిడిలో ఫైలు మాట ఆయనకి గుర్తే లేదు. ఎడంచేత్తో కాగితం పట్టుకుని, కడిగిన కుడిచేత్తో గళ్ల మధ్యలో చక్కగా సంతకం పెట్టారు. నేను పక్కింటి నీళ్ల ట్యాంకు కేసి చూస్తున్నాను. అమ్మ ఆకాశంలో మబ్బుల కేసి చూస్తోంది. కారు సందు మలుపులో స్పీడ్ బ్రేకర్ ఎక్కి, పొట్ట గీరుకుని, కిందికి దిగింది.

"ఎప్పుడూ తగల్లేదే!" అన్నారు నాన్న.

"రోడ్లు పాడైపోయాయండీ," అంది అమ్మ.

మర్నాడు పొద్దున బంద్ మొదలైంది. ఆ మర్నాడే నా వెరిఫికేషన్. నాన్న గడ్డం గీసుకుంటున్నారు. నేను వెనక నిలబడి, "నాన్నా, నా ఫైలెక్కడుంది?" అన్నాను. అద్దంలో నాన్న చెయ్యి ఆగిపోయింది. ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో అలాగే ఉండిపోయారు.

"జాగ్రత్తగా పెట్టాను," అన్నారు.

"జాగ్రత్తగా అంటే?" అంది అమ్మ వంటింట్లోంచి.

"తాళం వేసి."

"దేనికి వేశారండీ తాళం? ఇంట్లో..." అని అమ్మ గరిటె పట్టుకుని ఇవతలికి వచ్చింది. ముందు అర్థమైంది ఆవిడకే. "అగ్గిపుల్ల కూడా ఉండకూడదన్నారు!"

ఆ తర్వాత ఆవిడ ఇంకో గంటసేపు ఆయన్ని దులిపెయ్యాలి. న్యాయంగా నేను కూడా. కానీ అమ్మ ఠక్కున నోరు మూసుకుంది. నేనసలు తెరవనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఇద్దరి పనీ. మేము తిట్టకపోవడం చూసి నాన్న ఇంకా భయపడిపోయారు. కొంపమునిగే విషయం కాబట్టే మేము మాటలు రాక ఉండిపోయామనుకున్నారు.

ట్రాన్స్‌పోర్టు వాళ్లకి ఫోన్ చేస్తే, ట్రక్కు ఇంకా ఆటోనగర్ యార్డులోనే ఉందన్నారు. రాళ్లు పడతాయని కదపలేదట. సాయంత్రం బంద్ అయిపోగానే బయలుదేరుతుంది, ఈలోగా వస్తే రండి అన్నారు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. కొత్తపేట నుంచి ఆటోనగర్‌కి నడకే గతి. నాన్న రెండో చెంప గీసుకుని, గొడుగు తీసుకున్నారు.

గుమ్మంలోనే ఒక షరతు పెట్టారు. "దారిలో నేను మాట్లాడను. ఎవరేమడిగినా నువ్వే చెప్పు. నోరు విప్పితే నాది ఏ ఊరో తెలిసిపోతుంది." నాన్న ఆ రోజుల్లో టీవీ ఎక్కువ చూసేవారు. కొత్తపేటలో ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, కూరగాయల రైతుబజార్‌లో ఆయన పేరు పెట్టి పిలిచేవాళ్లు కూడా ఉన్నారు. టీవీలో మాత్రం రోజూ రాత్రి ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉండేవారు. ఆయన ఆ మాటలన్నీ తనకే అనుకుని మోసుకుని తిరిగేవారు.

హైవే నున్నగా పడి ఉంది. మామూలు రోజుల్లో దాటడానికి పది నిమిషాలు పట్టే రోడ్డు మీద పిల్లలు మూడు చోట్ల క్రికెట్టు ఆడుతున్నారు. అయినా నాన్న అటూ ఇటూ చూసే దాటారు.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర మాత్రం జాతరలా ఉంది. రోడ్డుకి అడ్డంగా షామియానా, డప్పులు, పాటలు. నడిమధ్యన మూడు పొయ్యిలు పెట్టి పెద్ద పెద్ద గుండిగల్లో వండుతున్నారు. వంటావార్పు అన్నమాట. ప్రభుత్వం మీద నిరసనగా రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తినడం. దారిన పోయే వాళ్లకీ పెడుతున్నారు. నాన్న గొడుగు దించి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ ఎండలో గొడుగు పక్కకి పట్టుకుని నడిచే మనిషి ఎవరి కంటైనా పడతాడని ఆయనకి తోచలేదు.

"ఏ బిడ్డా, ఏడికి పోతున్నరు గీ ఎండల?" గరిటె పట్టుకున్న ఒకావిడ మమ్మల్ని ఆపింది. నలభై అయిదేళ్లుంటాయి, మెడలో గులాబీ కండువా, చెమటకి బొట్టు కారిపోయింది.

నేను నా యాసకి బయటి చెప్పులు తొడిగాను. "ఆటోనగర్ పోవాలక్కా. నా సర్టిఫికెట్లు కార్ల ఇరుక్కున్నయ్. రేపు ఎరిఫికేషన్ ఉంది."

"అయ్యో, సదువుకునే పిల్లవు. తిని పోండ్రి, గింత దూరం ఎట్ల నడుస్తరు ఉత్త కడుపుతోని? మీ నాయిన మాట్లాడడా?"

"గొంతు నొప్పి," అన్నాను. నాకు అబద్ధాలు బాగానే వచ్చు. ఆ విషయంలో అమ్మ పోలిక.

విస్తరాకుల్లో అన్నం, వంకాయ కూర, పప్పుచారు పెట్టారు. రోడ్డు మధ్య గీత మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాం. నాన్న ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. ఆ ఆగడం నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. వద్దు నాన్నా అని మనసులో అరిచాను. తిండి విషయంలో నిజం చెప్పకుండా ఉండడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

"ఉప్పు కాస్త తగ్గిందండీ," అన్నారు నాన్న.

ఆ 'అండీ'లో కృష్ణా జిల్లా మొత్తం ఉంది. పక్కన తింటున్నవాళ్లు తలెత్తారు. డప్పు కూడా ఆగినట్టే అనిపించింది నాకు. ఆవిడ నాన్న మొహంలోకి చూసి, పప్పుచారు నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని నాకి, పొయ్యి దగ్గరున్న మనిషి మీద విరుచుకుపడింది.

"చూసినవా? పొద్దటి సంది నెత్తి నోరు కొట్టుకుంటున్న, ఉప్పు తక్కువైంది, ఏయి అని! ఇన్నవా నువ్వు? గీ అన్న గొంతు నొప్పి పెట్టుకొని గూడ చెప్పిండు!"

అందరూ ఒకటే నవ్వు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ ఉప్పు డబ్బా తెచ్చి ఆయన విస్తట్లో తనే చిటికెడు వేసింది. "మాట్లాడితే మేమేమన్న కొరుకుతమా అన్నా? మంచిగ తిను." నాన్న ఇంకో రెండుసార్లు కలుపుకుని తిన్నారు. ఇంట్లో ఎప్పుడూ అంత తినగా చూడలేదు.

యార్డుకి చేరేసరికి మూడయింది. నిన్న వచ్చిన మనిషే రేకుల షెడ్డులో కుర్చీ మీద ఉన్నాడు. నాన్న కూర్చోలేదు. దోషిలా నిలబడి, "నిన్న నేను పెట్టిన సంతకం తప్పండీ. కారులో ఫైలుంది. అబద్ధం రాశాను," అన్నారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన మీద ఒక్క మెమో లేదు.

అతను నవ్వాడు. "మీ కారు ఎనక కూసున్నప్పుడే సమజయింది సార్. ఉత్త ఫైలుకు బండి గంతగనం కూసోదు."

"ఫైలు తప్ప ఏమీ లేదండీ," అన్నారు నాన్న. ఈసారి నిజంగానే నమ్మి అన్నారు.

మా కారు ట్రక్కు పై అంతస్తులో అన్నిటికంటే చివర ఉంది. ఇనుప నిచ్చెన ఎక్కాలి. చక్రాలకి బెల్టులు బిగించేశారు, పక్కన ఇనుప కమ్మీ అడ్డం కాబట్టి తలుపు జానెడే తెరుచుకుంటుంది. నాన్నకి పొట్ట అడ్డం. అప్పట్లో నేను పుల్లలా ఉండేదాన్ని. చున్నీ నడుముకి చుట్టుకుని ఎక్కి, పక్కకి తిరిగి లోపలికి దూరాను. కిందనుంచి నాన్న చెబుతున్నారు: "వెనక సీటు పైకెత్తు. దాని అడుగున."

సీటెత్తాలంటే మొదట దాని మీద కూర్చున్న పెద్దమనిషిని లేపాలి. పాత చీర చుట్టుకుని, సీటు బెల్టు పెట్టుకుని, మా రుబ్బురోలు పొత్రం దర్జాగా కూర్చుని ఉంది. దాన్ని విప్పి, ఒక పనివాడి చేత కిందికి అందించాను.

"ఇదెవరు పెట్టారు?" నాన్న గొంతు.

"అమ్మ."

"పొత్రం సరే, రోలేది సార్?" అన్నాడు షెడ్డు మనిషి.

"రోలు లారీలో వస్తుందండీ," అన్నారు నాన్న, అదేదో సవ్యమైన ఏర్పాటన్నట్టు. ఆ మాట మీద ఆయన పరువు ఉంది మరి.

తర్వాత ఇడ్లీ రేకులు దిగాయి. జల్లెడ, కవ్వం, అప్పడాల కర్ర, గుమ్మడి వడియాల డబ్బా దిగాయి. ప్రతిదానికీ కిందనుంచి "ఇది?" అని, పైనుంచి "అమ్మ" అని. డిక్కీ జోలికి నేను పోలేదు, కొన్ని సంగతులు భార్యాభర్తల మధ్య ఉండటమే మంచిది. పుస్తకాల కట్టలు అడ్డొస్తే వాటినీ దించాల్సి వచ్చింది.

"ఇవి?"

"అవి కూడా... అమ్మే."

"మీ అమ్మ నవలలు చదవదు," అన్నారు నాన్న. యార్డంతా నవ్వింది.

సీటు ఎత్తగానే ఫైలు దొరికింది. రబ్బరు బ్యాండు తీసి చూశాను. తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు. ఏడూ ఉన్నాయి. ఒక్కోటీ విడిగా ప్లాస్టిక్ కవరులో, మూలన పెన్సిల్‌తో నంబరు వేసి. ఒళ్లంతా తేలికైపోయింది. అప్పుడు అడుగున ఇంకో పొట్లం చేతికి తగిలింది. దారం కట్టిన బస్ పాసు కార్డులు, ఏడాదికొకటి చొప్పున. అన్నీ నాన్నవే. మొదటి కార్డులో ఒత్తయిన జుట్టు, కత్తిరించిన మీసం, సినిమాలో వేషం దొరుకుతుందేమో అన్నంత ధీమా. ఒక్కో కార్డూ తిప్పుతుంటే నుదురు పెరుగుతూ, జుట్టు వెనక్కి జరుగుతూ, చివరి కార్డులో ఇప్పటి మా నాన్న. నవ్వాగలేదు నాకు.

"ఇవెందుకు నాన్నా దాచారు?" అని తలుపు సందులోంచి అడిగాను.

నాన్న పొత్రాన్ని పసిపిల్లలా చంకనెత్తుకుని నిలబడి ఉన్నారు. "ఎవరైనా అడిగితే చూపిద్దామని."

"ఏమడిగితే?"

"ఎన్నేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నావని."

ఆ మాట నాతో కాదు, పొత్రంతో అన్నట్టు తల వంచుకుని అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నా లోకల్‌కి ఏడు కాగితాలు చాలు. ఆయన తనకోసం ఎవరూ అడగని కాగితాలు ఇన్నేళ్లుగా పోగుచేస్తున్నారు. పైన కారులో ఉన్నాను కాబట్టి నా మొహం ఎవరికీ కనపడలేదు.

దించినవన్నీ మళ్లీ ఎక్కించాం. ఇంటిదాకా మొయ్యలేం కదా. "బెల్టు మంచిగ పెట్టుండ్రి పెద్దమనిషికి," అన్నాడు షెడ్డు మనిషి. నాన్న పట్టుబట్టి నిన్నటి కాగితం అడిగి తీసుకుని, "పై వాక్యం పొరపాటు. లోపల ఒక పొత్రము, ఇడ్లీ రేకులు, వగైరా కలవు" అని రాసి, కింద మళ్లీ సంతకం పెట్టారు. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పటికీ ఎవరికో చూపించి నవ్విస్తూనే ఉంటాడని నా నమ్మకం.

వెరిఫికేషన్ గురించి ఇక్కడే చెప్పేస్తాను. మర్నాడు ఆఫీసరు ఏడు కాగితాలూ పేకముక్కల్లా తిరగేసి, "లోకల్" అని టిక్కు పెట్టి, నెక్స్ట్ అన్నారు. నిమిషం కూడా పట్టలేదు. నాకు సీటొచ్చింది. నాగపూర్‌కి పొత్రం ముందు చేరింది, రోలు పది రోజుల తర్వాత. ఆ పది రోజులూ అమ్మ పొత్రానికి రోజూ బొట్టు పెట్టి ఓదార్చిందట.

కానీ యార్డు నుంచి తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం జరిగింది చెప్పాలి. ఎల్బీనగర్‌లో షామియానా విప్పుతున్నారు. ఆవిడ ఖాళీ గుండిగని మట్టితో తోముతోంది.

"దొరికినయా బిడ్డా?"

నేను ఫైలు ఎత్తి చూపించాను. "దొరికాయండీ," అన్నారు నాన్న, నేను నోరు తెరిచేలోపే.

"గొంతు తగ్గినట్టుంది అన్నా!"

నాన్న నవ్వారు. తర్వాత ఆయనంతట ఆయనే చెప్పడం మొదలెట్టారు. బదిలీ అయిందనీ, గురువారం నాగపూర్ వెళ్లిపోతున్నామనీ, ఇల్లు ఖాళీ చేస్తున్నామనీ. చెబుతూ చెబుతూ చెయ్యి చొక్కా జేబు మీదికి పోనిచ్చారు. బస్ పాసుల పొట్లం ఆ జేబులోనే ఉంది, ఉబ్బెత్తుగా. ఆయన ఏ ప్రశ్న కోసం సిద్ధపడుతున్నారో నాకు తెలుసు. అది అడగొద్దక్కా అనుకున్నాను.

ఆవిడ గుండిగని బోర్లించి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"గట్లనా. మల్ల ఎప్పుడొస్తరు?"

నాన్న చెయ్యి జేబు మీదే ఉండిపోయింది. ఆ ప్రశ్నకి చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కార్డు కూడా లేదు. నా వైపు చూశారు, మళ్లీ ఆవిడ వైపు చూశారు.

"వస్తామండీ. అమ్మాయి ఇక్కడే ఉంటోందిగా," అన్నారు.